పాడి రాబడిలో కనిపించని రోజులు

పంట డబ్బు కోతల తరువాత ఒక్కసారే చేతికి వస్తుంది. పాల డబ్బు వారానికో పక్షానికో అందుతుంది కనుకనే, ఒకటి రెండు పశువులున్న చిన్న రైతు కుటుంబం చేబదుళ్ల అవసరం లేకుండా నెల గడుపుకోగలుగుతుంది. అయితే ఈ రాబడిని లెక్కగట్టేవారు పశువు వట్టిపోయిన రోజులను మరచిపోతుంటారని నా అభిప్రాయం. ఆవు చూడి కాలం సుమారు 280 రోజులు, గేదెకు దాదాపు 310. ఈనడానికి రెండు నెలల ముందు పాలు తీయడం మానివేయాలి, మేత ఖర్చు మాత్రం ఆగదు. ఎదను, అంటే పశువు చూలుకట్టడానికి సిద్ధమయ్యే సమయాన్ని, గుర్తించలేకపోతే మరో 21 రోజులు ఎదురుచూడాలి.

పితికే ముందు తొలి ధారలను నల్లని గిన్నెలోకి తీసి చూస్తే, పొదుగువాపు ఉన్నప్పుడు అందులో తెల్లని పలుకులు కనిపిస్తాయి. ఇంత ఓపికైన పని చాలాచోట్ల స్త్రీలే చేస్తుండగా, పాల సంఘంలో సభ్యత్వం తరచుగా భర్త పేరిటే ఉండడం నాకు మింగుడుపడదు.