భీమిలిలో అద్దె ఇల్లు

సంక్రాంతి సెలవులకు రెండు కుటుంబాలూ కలిసి విశాఖ సముద్రతీరానికి వెళ్ళాలన్న మాట వచ్చినప్పుడు, హోటల్ గదులు వద్దని, వంటిల్లు ఉన్న ఇల్లు చూడమని మా అత్తయ్యగారు ముందే చెప్పారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, మధుమేహం ఉన్నాయి. వేళ తప్పకుండా తన తిండి తనకు కావాలి. మా పిల్లలు, మా ఆడపడుచు పిల్లలు ఇంకా పదేళ్ళు దాటనివాళ్ళు. దసరాకే వెళ్దామని మొదట అనుకున్నా, అక్టోబరు తుఫానుల నెల; 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ ఊరిని ఏం చేసిందో అక్కడి మా బంధువుల నోట విన్నవాళ్ళం. వేసవిలో ఎండ, ఉక్కపోత ఒక ఎత్తు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం మరో ఎత్తు. ఆ 61 రోజుల్లో తాజా చేప దొరకడం కష్టం. అందుకని జనవరి ఖాయం చేసుకున్నాం.

ఇంటర్నెట్‌లో కనిపించిన ప్రతి ఇంటి ఫొటోలోనూ సముద్రం గుమ్మం ముందే ఉన్నట్టుంది. నిజానికి సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనలు పోటు గీత, అంటే పోటు సమయంలో నీళ్ళు చేరే హద్దు, నుంచి 500 మీటర్ల వరకు కొత్త కట్టడాలను కట్టడి చేస్తాయి కాబట్టి, నేరుగా ఇసుకలోకి తెరుచుకునే ఇళ్ళు ఈ తీరంలో అరుదు. చూడకుండా అడ్వాన్సు ఇవ్వడం ఇష్టంలేక, డిసెంబరులోనే నేనూ మావారూ వెళ్ళి ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు పొడవునా ఇళ్ళు చూసుకుంటూ వెళ్ళాం.

ఆర్కే బీచ్ ఎదుట, పాండురంగాపురం, కిర్లంపూడి లేఅవుట్ వైపు, అపార్టుమెంట్లలో మంచి ఫ్లాట్లున్నాయి. లిఫ్టు ఉంటుంది, కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర, కురుసుర జలాంతర్గామి మ్యూజియానికీ, దాని ఎదుటి టీయూ-142 విమానం మ్యూజియానికీ నడిచి వెళ్ళవచ్చు. పెద్దలు మాత్రమే వెళ్ళేటట్టయితే నేను అక్కడితోనే ఆగేదాన్ని. కానీ పిల్లలు సముద్రంలో దిగాలంటే ఆ చోటు నాకు నచ్చలేదు. తీరం కోతకు గురై చాలాచోట్ల రాళ్ళు బయటపడి ఉన్నాయి, కెరటం విరిగి వెనక్కి లాగే తీరు చూస్తేనే భయం వేస్తుంది, అక్కడ మునిగి చనిపోయినవారి వార్తలు మనం తరచూ చదువుతూనే ఉన్నాం. పైగా పండుగ రోజుల్లో పిల్లల చేతులు పట్టుకుని బీచ్ రోడ్డు దాటడమే ఒక పని.

రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చింది. స్నానాల గదులు, బట్టలు మార్చుకునే గదులు, లైఫ్‌గార్డులు ఉన్నారు. పిల్లల విషయంలో నా మనసు అటే మొగ్గింది. అయితే మేము చూసిన ఇళ్ళన్నీ కొండవాలు మీద ఉన్నాయి. ఒకచోట గేటు దగ్గర నుంచి హాలుకు చేరేసరికి నాకే ఆయాసం వచ్చింది, అత్తయ్యగారి సంగతి చెప్పనక్కరలేదు. ఆ ఇంటి బాల్కనీ నుంచి సముద్రం ఎంతో అందంగా కనిపిస్తుంది, కానీ ఆవిడ దాన్ని పైనుంచి చూడడమే తప్ప ఇసుకలోకి రాలేరు. యారాడ వైపు ఘాట్ రోడ్డు, దగ్గర్లో ఆసుపత్రి లేకపోవడం తెలిసి అటు వెళ్ళనేలేదు.

భీమిలిలో చూసిన ఇల్లు పాతది. పెంకుటింటికి తరవాత డాబా గది కలిపారు, ముందు తూర్పు వరండా, గుమ్మానికి రెండే మెట్లు. మావారు కిటికీ ఊచను చేత్తో నలిపితే తుప్పు పెచ్చులుగా రాలింది. ఉప్పుగాలికి అది మామూలే. అంతకన్నా నాకు నీళ్ళ మీద అనుమానం ఎక్కువ. వంటింటి కుళాయి నీళ్ళు నోట్లో పోసుకుని చూస్తే చప్పగా, చివర కాస్త ఉప్పగా ఉన్నాయి. తీరానికి దగ్గరగా ఉన్న బోరు నీళ్ళలో పప్పు ఉడకదు. మంచినీళ్ళ సంగతి అడిగితే ఇంటావిడ మున్సిపల్ కుళాయి వేరే ఉందని చెప్పి, పెరట్లో సంపు మూత తీసి చూపించారు. అప్పుడే అడ్వాన్సు ఇచ్చాను. ఇంటి నుంచి ఇసుక దాకా దారి చదునుగా, మధ్యలో ఒక చిన్న రోడ్డుతో ఉంది. ఆ దారిని నేను అత్తయ్యగారి నడక వేగంతో నడిచి చూశాను.

సంక్రాంతికి అందరం దిగాక ఇంటికి ఎదురుగా ఉన్న సముద్రం అంతా ఒకటి కాదని మొదటి పొద్దునే తెలిసింది. గోస్తనీ నది సముద్రంలో కలిసేది భీమిలిలోనే. నది కలిసే చోట నీళ్ళు లోతు తక్కువగా, ప్రశాంతంగా కనిపించి పిల్లలు అటు పరుగెత్తబోతే, వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన గట్టిగా ఆపారు: "ఆ మొగ దగ్గర దిగకండమ్మా. పాటు తీసేటప్పుడు ఏటి నీరు మనిషిని లోపలికి ఈడ్చుకుపోద్ది." మొగ అంటే నది సముద్రంలో కలిసే చోటు, పాటు అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ. ఎక్కడ దిగవచ్చో ఆయనే చూపించారు. అక్కడ కూడా మోకాలు దాటి వెళ్ళనివ్వలేదు, పెద్దవాళ్ళం ఎప్పుడూ ఇద్దరం నీళ్ళలోనే నిలబడ్డాం. ఏ తీరానికి వెళ్ళినా ఇల్లు కుదుర్చుకునే ముందు ఆ ఊరి మత్స్యకారులను ఈ ఒక్క మాట అడగడం ఎంతో అవసరమని నా గట్టి అభిప్రాయం.

పొద్దున ఆరున్నరకు సూర్యుడు పైకి వచ్చేసరికి అత్తయ్యగారు చేతికర్రతో తీరం దాకా వచ్చి కుర్చీలో కూర్చునేవారు. పడవలు ఒడ్డుకు చేరగానే వంజరం, చందువ బేరమాడి తేవడం మా ఆడపడుచు వంతు, పులుసు పెట్టడం నా వంతు. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి వరండాలోకి తిన్నగా వచ్చేది. ఏసీ వేయాల్సిన అవసరమే రాలేదు. సాయంత్రాలు ఊళ్ళో తిరిగి డచ్చివారి సమాధులు చూశాం. 17వ శతాబ్దంలో వర్తకానికి వచ్చి స్థిరపడినవారి గుర్తులవి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు ఇంత నిదానంగా ఉండడం మావారికి ఎంతో నచ్చింది. ఎర్రమట్టి దిబ్బలు దగ్గరే కనుక పిల్లలను ఎండెక్కకముందే తీసుకువెళ్ళాం.

భీమిలి ఎంచుకున్నందుకు వదులుకున్నవీ ఉన్నాయి. రైలు దిగాక సామానుతో దాదాపు 30 కిలోమీటర్లు రావాలి. కురుసుర చూడడానికి ఒక రోజంతా కేటాయించాల్సి వచ్చింది. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన ఆ నౌక లోపలి ఇరుకు దారుల్లో అత్తయ్యగారు తిరగలేరని ఆవిడను పాండురంగాపురంలో బంధువుల ఇంట్లో దింపి వెళ్ళాం. రాత్రి పొద్దుపోయాక ఏదైనా కొనాలంటే దుకాణాలు మూసి ఉంటాయి. మందులు, పాలు వెలుతురు ఉండగానే తెచ్చుకునేవాళ్ళం.

పిల్లలు కాస్త ఈత నేర్చాక, మేమిద్దరమే వాళ్ళను తీసుకువెళ్ళేటట్టయితే రుషికొండ వైపు ఇల్లు చూస్తాం. అత్తయ్యగారు మాతో వచ్చినంతకాలం మాత్రం రెండు మెట్ల ఆ భీమిలి ఇంటికే వెళ్తాం. వచ్చే సంక్రాంతికి ఖాళీగా ఉంచమని ఇంటావిడకు ఇప్పటికే చెప్పాను. కిటికీ ఊచలు మార్పిస్తానని ఆవిడ మాట ఇచ్చారు.