ఆదిలాబాద్ ఇగంలో పాప గది: నా కొలతల పుస్తకం

డిసెంబర్ 6

మా వైపు చలిని ఇగం అంటాం. పాపకి ఆరు వారాలు. మా పోర్షన్ మేడ మీద, పైన ఇంకో అంతస్తు లేదు, ఉత్తరం వైపంతా పత్తి చేలు. పడుకునేటప్పుడు గది వెచ్చగానే ఉంటుంది. తెల్లవారుజామున పాలకి లేచేసరికి మాత్రం పాప ముక్కు చల్లగా తగులుతోంది. ఎప్పుడు, ఎంత చల్లబడుతోందో చేత్తో తడిమి చెప్పలేను. అందుకే మొక్కల కోసం కొని పెట్టుకున్న ఈఎస్‌పీ32 బోర్డు (కోడ్ రాసి నడిపే చిన్న కంప్యూటర్ లాంటిది) బయటికి తీశాను. ఉష్ణోగ్రత కొలిచే డీఎస్18బీ20 సెన్సార్లు మూడు పెట్టాను: పాప మంచం పక్కన తను పడుకునే ఎత్తులో ఒకటి, నేల మీద ఒకటి, బాల్కనీలో ఒకటి. మూడూ ఒకే వైరు మీద నడుస్తాయి, 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ ఒక్కటి చాలు. వీటిలో అర డిగ్రీ అటూ ఇటూ తేడా మామూలే కాబట్టి ముందు దంచిన ఐసు, నీళ్లు కలిపిన గ్లాసులో మూడింటినీ ముంచి చూశాను. సున్నా చూపించాల్సిన చోట ఒకటి 0.4 చూపించింది. కోడ్‌లో అంత తగ్గించాను. వైర్లు పాపకి దూరంగా, గోడ వెంట క్లిప్పులు కొట్టి పెట్టాను.

డిసెంబర్ 8

రెండు రాత్రుల లెక్క దాదాపు ఒకటే. పది గంటలకి 20.6, రెండింటికి 18.4, ఆరున్నరకి 15.7. బయట 7.9. నేల దగ్గర ఎప్పుడూ రెండు డిగ్రీలు తక్కువ. నడిరాత్రే చలి ఎక్కువని ఇన్నాళ్లూ అనుకున్నాను. కానీ బయట భూమి రాత్రంతా వేడిని వదులుతూనే ఉంటుంది, పొద్దు పొడిచేదాకా ఆ తగ్గుదల ఆగదు. అంటే పది గంటలప్పుడు చూసి బాగుందనుకోవడం తప్పు. బ్రిటన్‌లో పసిపిల్లల గదికి 16 నుంచి 20 డిగ్రీలు చెబుతారు. మా పాప నెలలు నిండి పుట్టింది, బరువు బాగుంది కాబట్టి 20 దగ్గర ఉంచుకోమన్నారు డాక్టర్ గారు.

డిసెంబర్ 10

పాపని ముందు గదిలో అమ్మ దగ్గర పడుకోబెట్టి, పడక గదిలో ఫ్యాను ఆపి, అగరుబత్తి వెలిగించి కిటికీల అంచుల వెంట తిప్పాను. పొగ నిటారుగా లేస్తే గాలి రానట్టు, వంగితే వస్తున్నట్టు. ఉత్తరం కిటికీ రెక్కల మధ్య, తలుపు కింద, స్విచ్ బోర్డు పైపు దగ్గర పొగ వంగింది. ఆ స్విచ్ బోర్డు సంగతి నేను ఊహించనే లేదు. కిటికీకి ఫోమ్ టేపు అంటించాను. తలుపు కిందకి పాత లుంగీ గొట్టంలా కుట్టి ఇసుక నింపి పెట్టాను. మర్నాడు పొద్దున 16.9.

డిసెంబర్ 13

తొమ్మిది రెక్కల ఆయిల్ హీటర్ కొన్నాను. ఎర్రగా కాలే కడ్డీ ఉండదు, ఫ్యానూ ఉండదు, అందుకే ఇది. మొదటి రాత్రి తొందరపడి 2000 వాట్ల మీద పెట్టాను. రెండు గంటల్లో గది 26కి చేరింది. పాప మెడ వెనక చెమట, ఒకటే ఏడుపు. పసిపిల్లకి చలి ఎంత చెరుపో అతి వేడీ అంతే, ఆ రాత్రి నాకు చాలా బాధేసింది. పైగా మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌లో అడాప్టర్ పెట్టి నడిపాను. 2000 వాట్లంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు. ప్లగ్గు ముట్టుకుంటే కాలింది. మర్నాడే ఎలక్ట్రీషియన్ని పిలిచి 16 ఆంపియర్ల సాకెట్‌కి విడిగా లైను లాగించాను. ఇప్పుడు 1000 వాట్ల మీదే, పరదాలకీ పాప మంచానికీ మూడడుగులకి పైగా దూరంలో పెడుతున్నాం. దాని మీద బట్టలు ఆరేయడం లేదు.

డిసెంబర్ 15

"గా కరెంటు డబ్బా ఎందుకు బిడ్డా, కుంపట్ల నాలుగు బొగ్గులేసి మంచం కింద పెడ్త. మీ ముగ్గుర్ని గట్లనే పెంచిన గద" అంది అమ్మ. ఆమె చెప్పింది నిజమే, మేం అలాగే పెరిగాం. కానీ అది గూన పెంకుల ఇల్లు. పెంకుల సందుల్లోంచి, వాసాల మధ్య నుంచి గాలి ఆడుతూనే ఉండేది. ఇది స్లాబు గది, సందులన్నీ మూసింది నేనే. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గదిని ఎంత బాగా మూస్తే కుంపటి అంత ప్రమాదం. అగరుబత్తి పొగ ఎక్కడ వంగేదో, ఇప్పుడు ఎక్కడ వంగడం లేదో అమ్మకి చూపించాను. కాసేపు చూసి కుంపటి మాట మానేసింది. సాంబ్రాణి కూడా పాప ఉన్న గదిలో వద్దనుకున్నాం. తలుపు మీది వెంటిలేటర్‌ని మాత్రం మూయలేదు, మూయను.

సాయంత్రం అమ్మే ట్రంకుపెట్టెలోంచి తను పాత చీరలతో కుట్టిన బొంత తీసింది. పాప మీద కప్పడానికి కాదు, కిటికీకి కట్టడానికి. కడ్డీకి వేలాడదీస్తే గోడ అంచులదాకా సరిపోయింది. ఈ నెలలో చేసిన పనులన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

డిసెంబర్ 21

పాప మంచాన్ని ఉత్తరపు గోడ నుంచి రెండడుగులు జరిపాను. గాలి 20 ఉన్నా ఆ గోడ తెల్లారేసరికి 14 దగ్గర ఉంటోంది, అంత చల్లటి గోడ పక్కనుంటే ఒంటి వేడిని లాగేస్తుంది. మధ్యాహ్నం పదకొండు నుంచి మూడున్నరదాకా దక్షిణం కిటికీ పరదా తీసి ఎండ రానిస్తున్నాం, నాలుగు కాకముందే మూసేస్తున్నాం.

బట్టల సంగతి మా ఆవిడ చూసుకుంటోంది. లోపల నూలు జుబ్బా, మీద ఫ్లానెల్ గుడ్డతో కుట్టిన సంచీ చొక్కా. మెడ, చంకల దగ్గర సరిగ్గా పడుతుంది, కింద మూసి ఉంటుంది, కాళ్లు లోపల ఆడించుకోవచ్చు. నిద్రలో టోపీ లేదు, విడి దుప్పటి లేదు, దిండు లేదు, వెల్లకిలా పడుకోబెడతాం. అరచేతులు, పాదాలు చల్లగా ఉన్నాయని కంగారుపడక్కర్లేదు. ఛాతీ మీదో మెడ వెనకో చెయ్యి పెట్టి చూడాలి.

జనవరి 2

పాప ముక్కు బిగుసుకుంటోంది. తేమ కొలిస్తే 31 శాతం. హీటర్ నీటి ఆవిరిని తీసేయదు, కానీ గాలి వేడెక్కేకొద్దీ అదే తేమ తక్కువ శాతంగా తేలుతుంది. తడి తువ్వాలు ఒకటి దండెం మీద ఆరేస్తే 42కి వచ్చింది.

నిన్న తెల్లవారుజామున నాలుగింటికి కరెంటు పోయింది. గంటా పది నిమిషాల్లో గది 1.2 తగ్గింది, అంతే.  అయినా మా ఆవిడ కూర్చుని పాపని గుండెలకి ఆనించుకుంది, కరెంటు వచ్చేదాకా ఇద్దరం మేలుకునే ఉన్నాం.

జనవరి 9

బయట 6.2. పాప పక్కన పొద్దున ఆరున్నరకి 19.6, నేల దగ్గర 18.3. రాత్రికి 3.9 యూనిట్లు. హీటర్ కొన్న వారంలో 6.1 అయ్యేవి. అప్పుడు థర్మోస్టాట్ 23 దగ్గర పెట్టేవాణ్ణి కాబట్టి ఈ తేడా అంతా బొంత గొప్పే అనలేను. వచ్చే వారం రెండు రాత్రులు బొంత తీసేసి, థర్మోస్టాట్ కదల్చకుండా కొలవాలనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. ఇగం తగ్గి, పాపకి మూడో నెల దాటాక చూద్దాం.