గన్నవరం – విశాఖ: గాలిలో ఎంత దూరం, ఎంతసేపు?

విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం రన్‌వే నుంచి విశాఖ రన్‌వేకి సరళరేఖలో సుమారు 290 కిలోమీటర్లు, అంటే 157 నాటికల్ మైళ్లు. విజయవాడ నుంచి రైలు పట్టాల మీద అదే 350. ఈ దూరాలకు వాడే ప్రొపెల్లర్ విమానం ఏటీఆర్ 72, గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది కాబట్టి భాగిస్తే 35 నిమిషాలే వస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. టికెట్ మీద గంట అటూఇటూగా ఉంటుంది. ఆ సమయం తలుపు మూసి కదిలినప్పటి నుంచి అవతల ఆగేవరకు. ట్యాక్సీయింగ్ (నేల మీద రన్‌వే దాకా, రన్‌వే నుంచి నడపడం), పైకెక్కడం, రన్‌వే వరసలోకి తిరిగి దిగడం అన్నీ అందులోనే. ఇంత చిన్న దూరంలో పూర్తి వేగంతో పోయేది కాసేపే, అందుకే జెట్ అయినా పెద్దగా కలిసిరాదు.

విశాఖది నేవీ స్థావరం, ఐఎన్ఎస్ డేగా. వాళ్ల విమానాలకూ అదే రన్‌వే. కొంత ఆలస్యం లెక్కలో ఉంచుకోవాలి.

విజయవాడ స్టేషన్ నుంచి గన్నవరం 20 కిలోమీటర్లు. ముందుగా చేరాల్సిన గంటన్నర, దిగాక సామాను, క్యాబ్ కలిపితే ఇంటి నుంచి ఇంటికి నాలుగు గంటలు తేలిగ్గా పడతాయి. వందేభారత్ స్టేషన్ నుంచి స్టేషన్‌కి తీసుకునేదీ దాదాపు అంతే! విశాఖ కొత్త విమానాశ్రయం భోగాపురానికైతే గన్నవరం నుంచి గగనదూరం సుమారు 330 కిలోమీటర్లు. అక్కడి నుంచి విశాఖ నగరానికి రోడ్డు ప్రయాణం అదనం.