బుస్సుమంది!

ఇవాళ పంజరం తలుపు తీశానో లేదో రెక్కలు రెండూ విప్పి బుస్సుమంది, ముక్కు టకటకా కొట్టింది, నేనైతే గిన్నె వదిలేసి వెనక్కి దూకా.

గూట్లోంచి పడ్డ గుడ్లగూబ పిల్ల. ఇన్నాళ్ళూ మొహానికి గుడ్డ కప్పుకుని, నోరు మెదపకుండా పట్టకారుతో తిండి పెట్టా, ఎందుకంటే మనిషి మొహం చూస్తూ పెరిగితే మనల్నే తన జాతి అనుకుంటుంది, ఇక అడవిలో బతకలేదు. పేరు కూడా పెట్టలేదు (మనసులో ఒకటి అనుకున్నాలెండి, చెప్పను).

కాస్త చివుక్కుమంది. అర్ధరాత్రి లేచి మేపింది ఎవరే తల్లీ నిన్ను?

పక్షుల సంరక్షణ సెంటర్ మేడమ్‌కి చెప్తే మాత్రం ఒకటే సంబరం. "భయపడిందా? హమ్మయ్య! ఇక పెద్ద పంజరంలోకి మార్చేద్దాం, ఎగరడం ప్రాక్టీస్ చేస్తుంది" అన్నారు.

గిన్నె ఇంకా అక్కడే పడుంది. తీసుకొచ్చే ధైర్యం లేదు నాకు.