పాలో డ్యూరో దారిలో డ్రిల్లు పట్టుకుని

టెక్సాస్ ఉత్తర కొసన, అమరిల్లోకి కొద్దిగా దక్షిణంగా, చదునైన గడ్డినేల ఉన్నట్టుండి తెగిపోయి సుమారు 800 అడుగుల లోతుకి దిగిపోతుంది. అదే పాలో డ్యూరో లోయ. పొడవు 120 మైళ్ళ దాకా ఉంటుంది. గ్రాండ్ కేన్యన్ తర్వాత ఈ దేశంలో పెద్ద లోయ ఇదేనని టెక్సాస్ వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఎండాకాలం అడుగున నిప్పులు చెరుగుతుంది కాబట్టి మేం అక్టోబరు చివర్లో బయల్దేరాం. నేను, మా ఆయన, పాప, ఒంగోలు నుంచి వచ్చిన అమ్మా నాన్నా, వెనక మా మడత ట్రైలర్.

ట్రైలర్ గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రయాణం కుదురుతుందా లేదా అన్నది దాని మీదే తేలింది. ఇక్కడ దాన్ని పాప్-అప్ క్యాంపర్ అంటారు. రోడ్డు మీద వెళ్ళేటప్పుడు ఛాతీ ఎత్తు కూడా ఉండదు. ఆగిన చోట కప్పు పైకెత్తి, ముందూ వెనకా మంచాలు బయటికి లాగితే గుడ్డ గోడల గది అవుతుంది. అంతా చేతి పనే. ముందు కొక్కెం దగ్గర ఒక జాకీ, నాలుగు మూలలా నాలుగు జాకీలు, కప్పు లేపడానికి ఇనప తీగని చుట్టే ఒక విన్చ్. అన్నిటినీ రాడ్డు పెట్టి తిప్పాల్సిందే.

నా కుడి భుజం పట్టేసి చాలా కాలమైంది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. చెయ్యి పైకి లేవదు, నేల మీద వంగి రాడ్డు తిప్పడం అసలే కుదరదు. మా ఆయన నడుము కూడా అంతంతమాత్రం. ట్రైలర్ అమ్మేద్దామని ఇంట్లో మాట వచ్చింది. నాకు ప్రాణం ఒప్పుకోలేదు. పాప చిన్నప్పటి నుంచి మేం చూసిన చెరువులూ కొండలూ అన్నీ ఆ ట్రైలర్‌తో చూసినవే. అప్పుడే మా కాలనీలో పడవ ఉన్న ఒకాయన, తన బండి జాకీలు డ్రిల్లుతో తిప్పుతుండగా చూశాను. మా మూల జాకీల కొసనా అలాంటి ఆరు పలకల నట్టే ఉంది. 3/4 అంగుళం. దానికి సరిపడే డీప్ సాకెట్ (నట్టు మీద తొడిగే పొడుగాటి గొట్టం), సాకెట్‌ని డ్రిల్లుకి బిగించే చిన్న అడాప్టర్ కొన్నాం. 18 వోల్టుల డ్రిల్లు ఇంట్లో ఉన్నదే.

నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. సామాను సర్దేటప్పుడు ఆ డ్రిల్లు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు.

"దేనికమ్మాయ్ ఇది?"

"జాకీలకి నాన్నా."

"అన్ని జాకీలకా?"

"మూల జాకీలకే."

"అయితే సరే" అన్నారు. "అన్ని జాకీలకా" అన్న ఆ ప్రశ్న వెనకాల ఎంత అనుభవం ఉందో లోయలో దిగాక తెలిసింది.

దారి పొడుగునా హైవే 287. విచిటా ఫాల్స్ దాటాక చెట్లు పలచబడి, ఆకాశం పెద్దదవుతుంది. చిల్‌డ్రెస్, మెంఫిస్ ఊళ్ళ దగ్గర రోడ్డుకి రెండు వైపులా పత్తి చేలు. ఆకు రాలి చేలు తెల్లగా ఉన్నాయి. కోసిన పత్తిని మిషనే గుండ్రంగా చుట్టి, పసుపురంగు ప్లాస్టిక్ తొడిగి చేలోనే వదిలేస్తుంది. అమ్మ కారు ఆపించింది. కూలీలెక్కడని ఆమె మొదటి ప్రశ్న. ఒక్క మనిషి, ఒక్క మిషన్ అంటే చాలాసేపు మాట్లాడలేదు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పత్తి తీతలంటే ఊరంతా చేలోనే ఉండేది.

అదే దారిలో క్వానా అనే ఊరు వస్తుంది. కమాంచీల నాయకుడు క్వానా పార్కర్ పేరది. 1874 సెప్టెంబరులో కర్నల్ మెకెంజీ సైన్యం పాలో డ్యూరోలో విడిది చేసిన కమాంచీ, కయోవా, షయాన్ తెగల మీద పడింది. చనిపోయిన మనుషులు కొద్దిమందే. కానీ గుడారాలూ చలికాలానికి దాచుకున్న తిండీ తగలబెట్టి, పట్టుకున్న గుర్రాల్లో వెయ్యికి పైగా కాల్చి చంపారు. గుర్రం లేకపోతే ఆ మైదానంలో వేట లేదు, వేట లేకపోతే బతుకు లేదు. మరుసటి ఏడాదే క్వానా లొంగిపోయాడు. ఆ కథ తెలిసి లోయలోకి దిగితే ఆ ఎర్ర రాళ్ళని ఉత్త అందంగా చూడలేం.

పార్కు గేటు దాటగానే 10 శాతం వాలు అని బోర్డు. ఆ రోడ్డు 1930లలో నిరుద్యోగ యువకుల దళం సీసీసీ వేసింది. వెనక ట్రైలర్ నెడుతుంటే బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకూడదు, వేడెక్కి పట్టు జారుతుంది. "దోర్నాల ఘాట్‌లో దిగినట్టే దిగండి అల్లుడుగారూ, చిన్న గేరులో" అన్నారు నాన్న. శ్రీశైలం బస్సుల బ్రేకులు ఎన్ని వందలసార్లు విప్పి బిగించారో ఆయన. మా ఆయన అలాగే దింపారు. అడుగున రోడ్డు నదిని కొన్నిచోట్ల నీళ్ళలోంచే దాటుతుంది. వాన పడితే ఆ దాట్లు మూసేస్తారట. మాకు చీలమండ లోతు కూడా లేదు.

మా చోటు మెస్కీట్ క్యాంపులో దొరికింది. నేలంతా ఎర్రమట్టి. అమరిల్లో ప్రాంతం అమెరికాలోకెల్లా గాలి ఎక్కువ వీచే చోట్లలో ఒకటి. అందుకే ఇక్కడ మూల జాకీల పని మిగతా చోట్లకంటే ఎక్కువ. జాకీలు దించకపోతే లోపల ఒకరు మంచం మీద పక్కకి తిరిగినా బండంతా ఊగుతుంది. రాత్రి గాలి లేస్తే ఇక చెప్పక్కర్లేదు.

అయితే మూల జాకీలు బండిని కదలకుండా పట్టుకోవడానికే, లేపడానికి కాదు. డ్రిల్లు చేతికి రాగానే మనుషులు మరిచిపోయేది ఇదే. ముందు కుడి ఎడమల ఎత్తు సరిచూసి, పల్లంగా ఉన్న వైపు చక్రం కింద దిమ్మె పెట్టి, దాని మీదికి బండిని ఎక్కించాలి. చక్రాలకి ముందూ వెనకా అడ్డు వెయ్యాలి. కారు నుంచి విప్పాక ముందు జాకీతో ముక్కు పైకో కిందికో సరిచెయ్యాలి. ఇదంతా అయ్యాకే మూలల వంతు. డ్రిల్లులో బలం ఉంది కదా అని మూల జాకీతో బండినే లేపితే చట్రం మెలిపడుతుంది. తలుపు సరిగ్గా పడదు. జాకీ కూడా వంగిపోతుంది.

ముందు జాకీని నాన్న చేత్తోనే తిప్పారు. ట్రైలర్ బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా ఆ ముక్కు మీదే ఉంటుంది. 900 కిలోల బండికి అది 90 నుంచి 130 కిలోలు. ఆ బరువు మొదటి చుట్టు నుంచీ మర కడ్డీ మీదే ఉంటుంది. పైగా మా జాకీ రాడ్డు పక్కన బిగించిన రకం, డ్రిల్లు పట్టడానికి నట్టే లేదు.

తర్వాత నా పని. నేల మీద చాప పరిచి, ఎడమ మోకాలి మీద కూర్చుని, జాకీ కాలు కింద చెక్క పలక పెట్టాను. పలక లేకపోతే ఆ మట్టిలో కాలు దిగబడుతుంది. డ్రిల్లు గేరు 1లో పెట్టాను. గేరు 2లో వేగం ఉంటుంది గానీ తిప్పే బలం తగ్గుతుంది. మెడ దగ్గర అంకెలున్న రింగుని తక్కువలో ఉంచాను. అలా ఉంచితే కాస్త బరువు తగలగానే లోపలి క్లచ్ టకటకమని జారుతుంది, జాకీ కాలు పలకకి ఆనిందని ఆ చప్పుడే చెబుతుంది. పక్క పిడి తప్పనిసరిగా బిగించుకోవాలి. నట్టు బిగుసుకున్న క్షణంలో దాన్ని తిప్పలేని మోటారు డ్రిల్లునే తిప్పేస్తుంది, మణికట్టు మెలిపడుతుంది. నాలాంటి భుజం ఉన్నవాళ్ళకి అదొక్కటి చాలు నెలల వైద్యం వృథా కావడానికి.

ఇంపాక్ట్ డ్రైవర్ వాడితే ఇంకా తేలిక కదా అని కొందరంటారు. అది సుత్తి దెబ్బల్లా కొట్టి కొట్టి తిప్పుతుంది. సన్నని జాకీ మరకీ దాని పిన్నులకీ ఆ దెబ్బలు మంచివి కావు, మోత కూడా భరించలేం. పార్కులో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్ద వేళలు. మామూలు డ్రిల్లు చప్పుడే ఆ లోయలో చాలా దూరం పోతుంది.

మొదటి జాకీ కాలు పలకకి తగలగానే నాన్న చెయ్యెత్తారు. "ఇక్కడిదాకా చాలమ్మాయ్. ఇక చేత్తో." రాడ్డు తగిలించి ఆయనే ఇంకో పావు చుట్టు, అర చుట్టు బిగించి, బండి అంచు మీద అరచెయ్యి వేసి ఊపి చూశారు. "డిపోలో చక్రం నట్లు గాలి గన్నుతోనే ఎక్కించేవాళ్ళం. ఆఖరున మాత్రం ప్రతి నట్టుకీ చేత్తో రాడ్డు వేసి చూడకుండా బండి బయటికి పంపేవాళ్ళం కాదు." నాలుగు మూలలా అలాగే చేశాం. ఉత్తిగా తిరిగే దూరమంతా డ్రిల్లు, బరువు పడే ఆ కాస్తా చెయ్యి. చెయ్యి చాలా అలిసేది ఆ ఉత్తి చుట్ల దగ్గరే. నా భుజానికి నొప్పి అన్నది తెలియలేదు.

పాప ఉత్సాహంగా సాకెట్ తీసుకుని కప్పు విన్చ్ వైపు నడిచింది. "దానికి కాదు తల్లీ" అని నాన్నే ఆపారు. మా బండి పుస్తకంలో కూడా కప్పుకి కరెంటు పనిముట్లు వాడొద్దని రాసి ఉంది. విన్చ్ నుంచి ఇనప తీగ నేల కిందుగా వెళ్ళి నాలుగు మూలలకీ పంచుకుంటుంది, మూల గొట్టాల్లో ఉన్న స్ప్రింగులు పైకి నెట్టుకొచ్చి కప్పుని లేపుతాయి. ఎక్కడైనా ఒక మూల ఇరుక్కుంటే చేతికి వెంటనే బరువు తెలుస్తుంది. డ్రిల్లుకి తెలియదు, లాగుతూనే పోతుంది. కప్పు పూర్తిగా లేచాక కూడా ఆగకపోతే తీగ తెగొచ్చు, కింద మనుషులుంటారు. దించేటప్పుడు ఇంకో ప్రమాదం. విన్చ్ లోపల రాపిడి బిళ్ళల బ్రేకు ఉంటుంది, డ్రిల్లుతో గబగబా దించితే అది వేడెక్కి అరిగిపోతుంది. ఆ బిళ్ళలకి గ్రీజు తగలనివ్వకూడదని కూడా నాన్న పాపకి చెప్పారు. లేపేటప్పుడు టిక్కు టిక్కుమని వినబడాలి, వినబడకపోతే రాడ్డు వదలొద్దన్నారు. మా ఆయనా నాన్నా మార్చి మార్చి తిప్పారు. డ్రిల్లుతో తిప్పడానికే తయారైన విన్చ్‌లు కూడా ఉన్నాయి, కానీ మాది ఆ రకం కాదు.

ఈలోగా పక్క చోటు నుంచి డెబ్భై ఏళ్ళావిడ వచ్చింది. ఓక్లహోమా నుంచి చిన్న ట్రైలర్‌తో ఒంటరిగా వచ్చిందట. వేళ్ళ కీళ్ళు వాచి ఉన్నాయి. భర్త పోయాక జాకీలు దించడం మానేసి, ఊగే బండిలోనే పడుకుంటున్నానంది. నాకు ఆ మాట గుండెకి తగిలింది. చేతులు సహకరించక ఇష్టమైన తిరుగుడు మానుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆమె జాకీల నట్టూ అదే కొలత. డ్రిల్లు ఆమె చేతికే ఇచ్చి, పిడి ఎలా పట్టుకోవాలో, చప్పుడు మారగానే ఎలా వదలాలో చూపించాను. రెండో జాకీకే చక్కగా పట్టుబడింది. ఆఖరి బిగింపు నాన్న చేశారు. నా దగ్గరున్న ఇంకో సాకెట్ ఆమెకే ఇచ్చేశాను. అమ్మ కారప్పూస పొట్లం ఇచ్చింది, ఆమె పీకాన్ గింజలు ఇచ్చింది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరూ సాయంత్రం దాకా కూర్చుని మాట్లాడుకున్నారు.

ఆ రాత్రి గాలి నిజంగానే లేచింది. గుడ్డ గోడలు పటపటలాడాయి. నేల మాత్రం కదల్లేదు, పాప లేవలేదు.

పొద్దున లైట్‌హౌస్ దారి నడిచాం. రానూపోనూ ఆరు మైళ్ళు. గోడల్లో ఎర్ర బంకరాయి మధ్య జిప్సం తెల్లటి చారలుగా మెరుస్తుంది. అవన్నీ 25 కోట్ల ఏళ్ళ నాటి పొరలు. చివర 300 అడుగులకి పైగా ఎత్తున్న, లైట్‌హౌస్ అని పిలిచే రాతి స్తంభం కింద కూర్చుని పులిహోర తిన్నాం. మోకాళ్ళ వల్ల అమ్మ రాలేదు. పార్కులో పెంచే లాంగ్‌హార్న్ ఆవుల్ని చూసింది. కొమ్ములు బాగున్నాయి గానీ మూపురం లేని ఎద్దు ఎద్దేమిటని ఆమె అభిప్రాయం. టెక్సాస్‌లో మూపురం ఉన్న బ్రాహ్మన్ జాతి కూడా ఉందని, దాని రక్తంలో మన ఒంగోలు గిత్త పాలు ఉందని చెప్తే ముఖం వెలిగిపోయింది. తిరుగు దారంతా వాటి కోసమే కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

బయల్దేరే రోజు పని వెనక నుంచి ముందుకి. మంచాలు లోపలికి, కప్పు చేత్తో మెల్లగా కిందికి, తర్వాత జాకీలు డ్రిల్లుతో పైకి. పైకి ఎత్తేటప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. జాకీ పూర్తిగా మడుచుకున్న చోట డ్రిల్లు ఆగకపోతే మర ఇరుక్కుని మళ్ళీ ఊడిరాదు. నాన్న పాప దగ్గర గోళ్ళరంగు అడిగి తీసుకుని, ప్రతి మర కడ్డీ మీద మడత పూర్తవడానికి అంగుళం ముందు ఎర్రటి గుర్తు పెట్టారు. ఆ గుర్తు దాకా డ్రిల్లు, ఆపైన రాడ్డు. తర్వాత బండి చుట్టూ ఒక చుట్టు నడిచి, నాలుగూ పైకి ఉన్నాయో లేదో వంగి చూశాకే అల్లుడిని కారెక్కమన్నారు.

వసంతంలో కేప్‌రాక్ కేన్యన్స్ పార్కుకి వెళ్ళి బైసన్ అనే అమెరికా అడవిదున్నల మందని చూడాలని పాప పట్టు పట్టింది. ఆలోపు ముందు జాకీని మార్చాలి. పైన నట్టు ఉండి, డ్రిల్లుతో తిప్పడానికి తయారీదారే ఒప్పుకునే రకం దొరుకుతోంది. అది బిగించేదాకా నాన్న ఇక్కడే ఉంటానన్నారు.