ఉదయగిరి కొయ్య గరిటెలకు ఆన్‌లైన్ బుట్ట

ఉదయగిరి కొండ కింద కొయ్యపని చేసే ఒక చిన్న మహిళా సంఘానికి మూడేళ్ల క్రితం తీరిక వేళల్లో వెబ్‌సైటు కట్టిచ్చాను. నాలుగు పేజీలు, కొన్ని ఫోటోలు, ఒక ఫోను నంబరు. అక్కడి కొయ్య చెంచాలకు, గరిటెలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి పేరు విని వెతికేవాళ్లు ఉన్నారు. అయితే కొనాలంటే ఫోను చేయాలి, ధర అడగాలి, డబ్బు పంపి స్క్రీన్‌షాట్ పెట్టాలి, చిరునామా చెప్పాలి. కొయ్య చెక్కుతున్న మనిషి ప్రతి అరగంటకూ పనిముట్టు పక్కన పెట్టి ఫోను ఎత్తడం ఎంత ఇబ్బందో అక్కడ ఒక పూట కూర్చుని చూశాను. సైటులోనే వస్తువు ఎంచుకుని డబ్బు కట్టేలా కొనుగోలు బుట్ట (షాపింగ్ కార్ట్) పెట్టాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఆరు ఆదివారాలు పట్టింది. ఇలాంటి సంఘానికి ఎవరైనా ఈ పని చేసిపెట్టాలనుకుంటే పనికొస్తుందని రాసిపెడుతున్నాను.

మొదటి ఆదివారమంతా ఎంపికకే సరిపోయింది. వూకామర్స్ లాంటి అమ్మకాల సాఫ్ట్‌వేరును మన సర్వరులోనే పెట్టుకుంటే నెలనెలా చందా ఉండదు, కానీ డేటాబేసు, అప్‌డేట్లు, భద్రత అన్నీ మన మీదే పడతాయి. నేను ఊళ్లో లేని నెలలో సైటు ఆగిపోతే చూసేవాళ్లు లేరు. అందుకని వేరేవాళ్ల సర్వరులో నడిచే బుట్టనే తీసుకున్నాను. మన పేజీలో కొద్దిపాటి కోడ్ అతికిస్తే చాలు. వస్తువుల పట్టిక, ఆర్డర్లు, లెక్కలు వాళ్ల దగ్గర ఉంటాయి. డబ్బు కట్టే పేజీ పేమెంట్ గేట్‌వేది, అంటే కొన్నవాళ్ల చెల్లింపు తీసుకుని మన ఖాతాకు చేర్చే సంస్థది. కార్డు వివరాలు మన సైటును తాకవు. విదేశంలో ఉన్న బంధువు ఒకరు పేపాల్ బటన్ పెట్టమన్నారు. 2021 ఏప్రిల్ 1 నుంచి పేపాల్ మన దేశంలో దేశీయ చెల్లింపుల సేవ ఆపేసింది కాబట్టి ఆ దారి మనకు లేదు. అప్పటికి సైటు ఇంకా పాత పద్ధతిలో, బ్రౌజర్‌లో తాళం గుర్తు లేకుండా నడుస్తోంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే ఉచిత భద్రతా సర్టిఫికెట్ పెట్టి, గడువు 90 రోజులే కాబట్టి దానంతట అదే కొత్తది తెచ్చుకునేలా అమర్చాను.

మేం తీసుకున్న బుట్ట ఉచిత పథకంలో అప్పుడు ఐదు వస్తువులకే చోటు. మా దగ్గర ఉన్నవి పద్నాలుగు రకాలు. కాసేపు దిగులుపడ్డాను గానీ, దారి దొరికింది. "చెంచాలు" అనే ఒకే వస్తువు పెట్టి, దాని కింద ఉప్పు చెంచా, పచ్చడి చెంచా, టీ చెంచా ఎంచుకునేలా చేశాను. ఎంపికను బట్టి ధర మారుతుంది. బరువు మాత్రం వస్తువు మొత్తానికి ఒకటే పెట్టగలం. ఆ ఒక్క పరిమితి తర్వాత చాలా పని పెంచింది.

రెండో ఆదివారం త్రాసు తీసుకుని ఉదయగిరి వెళ్లాను. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా బస్సు, దాదాపు వంద కిలోమీటర్లు. ఒకే పేరుతో అమ్మే తెడ్లు ఆరు వరసగా తూచాం: అన్నిటికన్నా తేలిక 58 గ్రాములు, అన్నిటికన్నా బరువు 81. చేత్తో చెక్కినవి, కొయ్యా ఒక్కటి కాదు, తేడా ఉండి తీరుతుంది. పెద్దామె ఒకరు రెండు తెడ్లు చెరో చేతిలో పట్టుకుని, "ఇది నర్ది, ఇది బిక్కి. తూచే పనేముంది నాయనా, చేతికే తెలుస్తుంది" అన్నారు. రెండూ కొయ్య రకాల పేర్లు. పట్టుకు చూస్తే తేడా నాకూ తెలిసింది. అప్పటి నుంచి ప్రతి వస్తువు వివరణలో ఏ కొయ్యో రాస్తున్నాం. కొనేవాళ్లు తెలుసుకోవలసిన సంగతి అది.

అసలు చిక్కు తెడ్డు బరువులో లేదు, పెట్టెలో ఉంది. ప్రైవేటు కొరియర్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. ఆ కిలోలు, త్రాసు చూపించే కిలోలు, రెండిటిలో ఏది ఎక్కువైతే దానికే రుసుము. మా దగ్గరున్న అట్టపెట్టె 30, 15, 10. అంటే 4500, భాగిస్తే 900 గ్రాములు. లోపల ఉన్న సామాను 310 గ్రాములు! గాలికి డబ్బు కడుతున్నట్టే. పొడుగు గరిటె 28 సెంటీమీటర్లు కాబట్టి 32, 12, 5 కొలతల్లో పలచని పెట్టెలు చేయించాం. ఇప్పుడు లెక్క 384 గ్రాములకు దిగింది. అరకిలో లోపలే. బుట్టలో బరువుకు బదులు "ఒక పెట్టెకు 70 రూపాయలు" అని ఒకే రవాణా ఖర్చు పెట్టాను. బరువు పరిమితి కూడా దానితో తీరింది. ఈ పని చేసేవాళ్లు కోడ్ ముట్టుకోకముందే పెట్టె కొలవండి.

బటన్ల మీద మాటలన్నీ ఇంగ్లిష్‌లో వచ్చాయి. వాటిని మార్చుకునే వీలుంది కాబట్టి మార్చాను. "కార్టుకు జోడించండి" అని నేను రాస్తే, సంఘం కార్యదర్శి అక్క చదివి ఒప్పుకోలేదు. "బుట్టలో వేయండి అనరాదా?" అన్నారు. అదే పెట్టాం. ఆమె మాటే సరైనది. వాపసు నియమాలు, రవాణా, గోప్యత, సంప్రదించే వివరాలకు వేరువేరు పేజీలు రాశాను. అవి సైటులో కనబడకపోతే గేట్‌వే ఖాతాకు ఆమోదం ఇవ్వదు. వాపసు పేజీలో రెండు వాక్యాలు నేను పట్టుబట్టి చేర్చాను: రంగు, గీతలు ఫోటోలో ఉన్నట్టే ఉండవు, విరిగి వస్తే ఫోటో పంపండి, కొత్తది పంపుతాం.

నాలుగో ఆదివారం వచ్చిన సమస్య రెండు రాత్రులు తినేసింది. పరీక్ష కోసం చేసిన ఆర్డరుకు గేట్‌వే పట్టికలో డబ్బు వచ్చినట్టే ఉంది, బుట్ట పట్టికలో మాత్రం "చెల్లింపు కోసం ఎదురుచూస్తోంది" అని ఉంది. కారణం వెతికితే తెలిసింది: డబ్బు కట్టగానే యూపీఐ యాప్‌లోనే ఫోను మూసేస్తే, బ్రౌజర్ తిరిగి మన పేజీకి రాదు, బుట్టకు కబురు అందదు. ఇంట్లో ముగ్గురి చేత కట్టించి చూస్తే ఇద్దరు అలాగే మూసేశారు. అది వాళ్ల తప్పు కాదు, డబ్బు పోయిందని ఫోను చెప్పాక ఇంకా ఎవరు ఆగుతారు? దీనికి మందు వెబ్‌హుక్. గేట్‌వే సర్వరే నేరుగా బుట్ట సర్వరుకు "డబ్బు వచ్చింది" అని చెబుతుంది, కొన్నవాళ్ల ఫోనుతో పని లేదు. అది అమర్చినా మొదట పని చేయలేదు. గేట్‌వే ఇచ్చిన రహస్య సంకేతం అతికించినప్పుడు చివర ఒక ఖాళీ జాగా కూడా వచ్చింది, దాంతో కబురు గేట్‌వేదేనని తేల్చే డిజిటల్ సంతకం సరిపోవడం లేదు. ఆ ఖాళీ తీసేయగానే ఆర్డరు "చెల్లించారు"లోకి మారింది. తెల్లవారుజామున రెండు గంటలకు అది చూసి లేచి నిలబడ్డాను.

నిల్వ సంఖ్య గురించి సంఘంలో పెద్ద చర్చే జరిగింది. "చెక్కగలిగినన్ని పెట్టు" అన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. బీరువాలో తయారై ఉన్నవే సంఖ్య. పైగా బుట్టలో వేసినంత మాత్రాన నిల్వ తగ్గదు, డబ్బు కట్టినప్పుడే తగ్గుతుంది. చివరి గరిటెను ఇద్దరు ఒకేసారి కట్టి కొనేయవచ్చు. అందుకని ప్రతి రకంలో ఒకటి పక్కన పెట్టి మిగిలినవే చూపిస్తున్నాం.

పన్ను సంగతి ఆడిటరును అడిగాం. వేరే రాష్ట్రాలకు సరుకు అమ్మాలంటే మామూలుగా జీఎస్టీ నమోదు తప్పదు. హస్తకళల వస్తువులకు మాత్రం ఏటా 20 లక్షల లోపు అమ్మకాలకు మినహాయింపు ఉంది. అయితే ఆ మినహాయింపులో ఉన్నవాళ్లు రాష్ట్రం దాటించే ప్రతి పొట్లానికీ, విలువ ఎంత తక్కువైనా, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీయాలి. అది అలవాటయ్యేదాకా బుట్టలో రవాణా ప్రాంతం ఆంధ్రప్రదేశ్ వరకే ఉంచాం. హైదరాబాద్ నుంచి అడిగేవాళ్లకు కాస్త ఆగమని చెబుతున్నాం, మనసు ఒప్పకపోయినా.

ఆరో ఆదివారం, పరీక్ష కోసం కాని మొదటి ఆర్డరు నేనే చేశాను. గరిటెల జత 280, రవాణా 70, మొత్తం 350. గేట్‌వే రుసుము 2 శాతం అంటే 7 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 1.26. సంఘం ఖాతాలో పడింది 341.74. రుసుము రవాణా డబ్బు మీద కూడా పడుతుందని అప్పుడు గమనించి, పెట్టె ఖర్చు 75 చేశాను. పొట్లం నాలుగో రోజు ఇంటికొచ్చింది. పలచని పెట్టె, లోపల పాత దినపత్రిక చుట్టిన రెండు గరిటెలు, ఒక మూల కూడా నలగలేదు.

ఆ తర్వాతి పది రోజుల్లో బయటివాళ్ల ఆర్డర్లు నాలుగు వచ్చాయి. మూడు కార్యదర్శి అక్క తానే చూసి పంపించారు. నాలుగోదానికి చిరునామాలో పిన్‌కోడ్ తప్పుంటే నాకు ఫోను చేశారు. పిన్‌కోడ్ ఆరు అంకెలు లేకపోతే ముందుకు కదలకుండా ఆ రాత్రే సరిచేశాను. వచ్చే ఆదివారం అట్లకాడల ఫోటోలు మళ్లీ తీయాలి, ఉదయం ఎనిమిదికి ముందు, వాకిట్లో వెలుగు మెత్తగా ఉన్నప్పుడు.