అమ్మానాన్నల శుభలేఖలోని ఇంగ్లీషు అక్షరాలు

అమ్మానాన్నల 50వ పెళ్లిరోజుకు వారి పాత శుభలేఖను ఉన్నది ఉన్నట్టుగా మళ్లీ అచ్చు వేయించాలని చెల్లెలు పట్టుబట్టింది. 1974 నాటి ఆ కార్డులో తెలుగు వైపు పెద్ద చిక్కేమీ రాలేదు కానీ, ఇంగ్లీషు వైపు మెలికలు తిరిగిన గొలుసుకట్టు అక్షరాలు ఏ ఫాంటువో తేల్చుకోవడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది.

ఇలాంటి అక్షరాలను చూడగానే ఫాంటు పేరు కోసం వెతకడం మొదలుపెడతాం, కానీ ముందు తేల్చవలసింది అది అసలు ఫాంటేనా, చేత్తో రాసినదా అని. అందరికీ తెలిసిన కోకా-కోలా పేరునే తీసుకోండి. 1886లో అట్లాంటాలో ఆ పానీయం పుట్టినప్పుడు పేరు పెట్టి, అప్పట్లో అమెరికా గుమాస్తాలు ఎక్కువగా నేర్చుకున్న స్పెన్సేరియన్ అనే మెలికల దస్తూరీలో దాన్ని రాసినది బుక్‌కీపర్ ఫ్రాంక్ రాబిన్సన్. అందులో మొదటి పెద్ద సీ తోక పదం కిందుగా పాకుతుంది, రెండో పెద్ద సీ పైకొన ఎల్ మెలికలోంచి దూరిపోతుంది. ఒకే అక్షరం రెండు చోట్ల రెండు రూపాల్లో ఉంటే అది చేతిరాత కావడానికే అవకాశం ఎక్కువ.

మా కార్డులో ‘మ్యారేజ్’ అన్న మాటలో పక్కపక్కనే ఉన్న రెండు ఆర్‌లను, రెండు ఏలను భూతద్దం కింద పెట్టి చూశాను. అచ్చుగుద్దినట్టు ఒకటే. కార్డు వెనక్కి తిప్పి వేలితో తడిమితే అక్షరాల ఒత్తిడి తగులుతోంది కనుక అది సీసపు టైపుతో వేసినదేనని తేలింది. అంతకంటే గట్టి రుజువు ‘ఆఫ్’ అన్న మాటలో దొరికింది. ఆ మాట రెండుసార్లు వచ్చింది, రెండింటిలోనూ ఎఫ్ ఒకటే, కానీ మొదటి దాని పైకొన విరిగిపోయింది. వాలుగా ఉండే అక్షరాన్ని నలుచదరపు సీసపు దిమ్మపై పోత పోసినప్పుడు దాని కొన దిమ్మ దాటి బయటికి పొడుచుకొని వస్తుంది, కింద ఆధారం లేని ఆ కొన నాలుగుసార్లు చేతులు మారితే చాలు విరుగుతుంది. అక్షరానికీ అక్షరానికీ మధ్య గొలుసు అక్కడక్కడ వెంట్రుకవాసి తెగినట్టు కనిపించడానికీ ఈ దిమ్మల అంచులే కారణం.

దీనితో నేను మొదట అనుమానించిన స్నెల్ రౌండ్‌హ్యాండ్ అనే ఫాంటు పక్కకు తప్పుకుంది. చార్లెస్ స్నెల్ అనే పాత ఇంగ్లీషు దస్తూరీ గురువు రాతను ఆధారం చేసుకొని మాథ్యూ కార్టర్ దాన్ని 1966లో ఫొటో కంపోజింగ్ కోసం, అంటే సీసానికి బదులు ఫిల్ము మీద అక్షరాలు కూర్చే పద్ధతి కోసం గీశాడు. ఫిల్ముకు దిమ్మ ఉండదు కనుక అందులో గొలుసు తెగవలసిన పనే లేదు.

మిగిలిన ఫాంటులు మూడు. మోరిస్ ఫుల్లర్ బెంటన్ గీసిన కమర్షియల్ స్క్రిప్ట్ మా కార్డుకు మరీ బరువైనది. జర్మనీకి చెందిన 1902 నాటి కున్‌స్ట్లర్ స్క్రిప్ట్‌నూ, 1923 నాటి ప్యాలస్ స్క్రిప్ట్‌నూ విడదీయడానికి మాత్రం నాన్న పేరే అక్కరకు వచ్చింది. ఇంటిపేరుతో కలిపి ఆయనకు నాలుగు ఇనీషియళ్లు. పదం మొదట్లో ఒక్కటిగా నిలబడవలసిన ఆడంబరపు పెద్దక్షరాలు నాలుగు వరసగా నిలిస్తే, పెళ్లిపందిట్లో నలుగురు వియ్యపురాళ్లు ఒకే సోఫాలో కూర్చున్నట్టు ఇరుకుగా ఉంటుంది. పోల్చి చూసుకోవడానికి నాకు మాత్రం ఒకటికి నాలుగు దొరికాయి, నాలుగూ ప్యాలస్ స్క్రిప్ట్‌తోనే కలిశాయి.

కంప్యూటరులోని ప్యాలస్ స్క్రిప్ట్‌తో కూర్చి చూస్తే పాత కార్డు కంటే సన్నగా అనిపించింది. పాత అచ్చులో సిరా కాగితంలో కాస్త పరుచుకుంటుంది కనుక గీతలను కొద్దిగా లావు చేయవలసి వచ్చింది. ప్రూఫు చూసి చెల్లెలు అంతా బాగుందని, ఒక్క తప్పు మాత్రం ఉందని చెప్పింది. ఆ సాయంత్రమే మొదటి ‘ఆఫ్’లోని ఎఫ్ పైకొన తుడిచేశాను.